నీటి మీద నిలబడటం: ప్యాడిల్‌బోర్డుపై కొత్తవారు ఎందుకు తూలుతారు?

హనుమకొండ నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే చేరుకునే ఒక చెరువు దగ్గర, పోయిన చలికాలంలో ఒక పొద్దున నేను చూసిన సంగతితో మొదలుపెడతాను. పన్నెండేళ్ల అమ్మాయి లైఫ్ జాకెట్ వేసుకుని బోర్డు ఎక్కింది, కాసేపు మోకాళ్ల మీద కూర్చుంది, తరువాత మెల్లగా లేచి నిలబడి పది తెడ్డు వేట్లు వేసి తిరిగి ఒడ్డుకు వచ్చింది. అదే బోర్డు మీదికి ఆమె మేనమామ ఎక్కాడు. ఊరి కబడ్డీ జట్టులో ఏళ్ల తరబడి ఆడిన మనిషి, వరి బస్తాను భుజాన వేసుకుని గట్టు మీద నడిచే మనిషి. ఆయన లేచి నిలబడిన మూడుసార్లూ రెండు నిమిషాలు తిరగకముందే నీళ్లలో పడ్డాడు. కట్ట మీద నిలబడి చూస్తున్నవాళ్లలో ఒకరు ఆయన భయపడుతున్నాడన్నారు, ఇంకొకరు పిల్లల ఒళ్లు తేలిక అన్నారు, ఆయన మాత్రం బోర్డే సరిగా లేదన్నాడు.

ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఆ పొద్దున జరిగినదానిలో చాలా భాగాన్ని కాగితం మీద లెక్క వేసి చూపవచ్చు. ఆ లెక్క తెలియకపోవడం వల్లనే ఒకదానికొకటి పొసగని సలహాలు కొత్తవారి చెవిన పడుతుంటాయి. నిటారుగా నిలబడమని ఒకరు, వంగమని ఇంకొకరు చెబుతారు. ముందు మోకాళ్ల మీద అలవాటు చేసుకోమని ఒకరు, నేరుగా లేచి తెడ్డు వేయమని మరొకరు అంటారు. ఏ సలహా ఏ పరిస్థితిలో సరైనదో తెలియాలంటే బోర్డు నిలకడ, మనిషి నిలకడ అనే రెండు వేర్వేరు విషయాలను విడదీసి చూడాలి.

ముందుగా కొన్ని మాటల అర్థం

నిలబడి నడిపే ప్యాడిల్‌బోర్డు అంటే మూడు మీటర్లకు కొంచెం అటూ ఇటూగా పొడవు ఉండే, మనిషి బరువును మోసి తేలే పలక. ఇది హవాయి దీవుల నుంచి వచ్చింది. వైకీకీ తీరంలో సముద్రపు అలల మీద ఆట నేర్పే వాళ్లు ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో బోర్డు మీద నిలబడి తెడ్డు వేసేవారు, 2000 తరువాత ఇది విడి క్రీడగా ప్రపంచమంతా పాకింది. మన దగ్గర దీనికి ఇంకా స్థిరపడిన తెలుగు పేరు లేదు కాబట్టి ఈ వ్యాసంలో బోర్డు అనే అంటాను. చేతిలో ఉండే పొడవాటి కర్రను తెడ్డు అంటాను, ఎందుకంటే పడవ నడిపే వాళ్లు వాడే మాట అదే. బోర్డు అడుగున వెనుక వైపు నీటిలోకి దిగి ఉండే చిన్న రెక్కను ఫిన్ అంటారు. బోర్డును మనిషి కాలికో నడుముకో కలిపే తాడు లీష్.

బోర్డులు రెండు రకాలు. ఫోమ్ చుట్టూ ఫైబర్ పొర వేసి చేసిన గట్టి బోర్డు ఒకటి, పంపుతో గాలి కొట్టి బిగించే బోర్డు ఇంకొకటి. గాలి బోర్డు లోపల పై పొరకూ కింది పొరకూ మధ్య వేలాది దారాలు ఉండి, గాలి ఎక్కినప్పుడు అది బుడగలా ఉబ్బకుండా పలకలాగే చదునుగా ఉండేటట్లు పట్టి ఉంచుతాయి.

తేలడం ఒకటి, నిలకడగా తేలడం మరొకటి

రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుకలు నీటిలో తేలతాయని మన ప్రాంతంలో బడి పిల్లలకు కూడా తెలుసు. ఇటుక తాను పూర్తిగా మునిగితే పక్కకు నెట్టే నీటి బరువు కన్నా తక్కువ బరువు తూగితే తేలుతుంది, అంతకు మించి అందులో మర్మమేమీ లేదు. బోర్డుకూ ఇదే సూత్రం. చెరువు నీటిలో ఒక లీటరు జాగా ఆక్రమిస్తే ఒక కిలో బరువును నీరు పైకి మోస్తుంది. కొత్తవారికి ఇచ్చే మామూలు బోర్డు పరిమాణం దాదాపు 300 లీటర్లు ఉంటుంది కాబట్టి, 70 కిలోల మనిషి, 10 కిలోల బోర్డు కలిసి 80 కిలోలైనా దానికి లెక్కలోది కాదు. మునగడమన్న ప్రశ్నే రాదు. వచ్చే ప్రశ్న ఒరగడం గురించి.

ఒరగడం సంగతి బతుకమ్మను నీటిలో వదిలేటప్పుడు బాగా కనిపిస్తుంది. వెడల్పాటి సిబ్బిలో పేర్చిన పొట్టి బతుకమ్మ అలల మీద తలను నిటారుగా ఉంచుకుని సాగిపోతుంది. చిన్న పళ్లెంలో గునుగు, తంగేడు ఎత్తుగా పేర్చినది కట్ట దిగువన నాలుగు అలలు తగలగానే ఒక పక్కకు వాలిపోతుంది. పూల బరువు రెండింటిలోనూ తక్కువే, రెండూ తేలతాయి. తేడా అంతా కింద ఎంత వెడల్పు ఉంది, పైన ఎంత ఎత్తు ఉంది అన్నదానిలోనే ఉంది. ప్యాడిల్‌బోర్డు మీద నిలబడ్డ మనిషి ఈ లెక్కలో చాలా ఎత్తుగా పేర్చిన బతుకమ్మ లాంటివాడు.

దీని వెనుక శాస్త్రం ఇది. వస్తువు బరువంతా ఒక బిందువు గుండా కిందికి లాగుతున్నట్లు భావించవచ్చు, దాన్ని గరిమనాభి అంటాం. నీరు పైకి నెట్టే బలం, అంటే ఉత్ప్లవన బలం, మునిగిన భాగపు మధ్య బిందువు గుండా పనిచేస్తుంది. బోర్డు కుడి పక్కకు ఒరిగితే కుడి వైపు ఎక్కువ భాగం నీటిలో మునుగుతుంది, దాంతో నీరు నెట్టే చోటు కూడా కుడికి జరుగుతుంది. అలా జరిగిన బలపు గీత బోర్డు నడిమి గీతను పైన ఒక చోట కలుస్తుంది. భూమి ఆకారం కొలవడానికి దక్షిణ అమెరికా వెళ్లిన బృందంలో ఒకడైన ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగే 1746లో ప్రచురించిన నౌకా గ్రంథంలో ఆ బిందువుకు మెటాసెంటర్ అని పేరు పెట్టాడు. గరిమనాభి మెటాసెంటర్ కన్నా కింద ఉంటే ఒరిగిన వస్తువు తనంతట తానే లేస్తుంది. పైన ఉంటే ఇంకా ఒరిగి బోల్తా పడుతుంది.

మేనమామ ఎందుకు పడ్డాడో లెక్క వేసి చూస్తే

మెటాసెంటర్ ఎంత ఎత్తున ఉంటుందో తెలుసుకోవడానికి సూత్రం సులభమే. బోర్డు పొడవును వెడల్పు ఘనంతో గుణించి 12తో భాగించి, వచ్చినదాన్ని మునిగిన ఘనపరిమాణంతో భాగించాలి. నిజమైన బోర్డు ముందూ వెనుకా సన్నబడుతుంది కాబట్టి నాలుగో వంతు తగ్గిస్తాను. ఆ రోజు నేను చూసిన లాంటి బోర్డుకు పొడవు 3.2 మీటర్లు, వెడల్పు 81 సెంటీమీటర్లు, అంటే అంగడిలో 32 అంగుళాలుగా చెప్పేది, మందం 15 సెంటీమీటర్లు, బరువు 10 కిలోలు అనుకుందాం. 0.81 ఘనం 0.531. దాన్ని 3.2తో గుణిస్తే 1.70, 12తో భాగిస్తే 0.142, నాలుగో వంతు తీసేస్తే 0.106.

ముందు 170 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్న మనిషిని తీసుకుందాం. మొత్తం 80 కిలోలు కాబట్టి మునిగిన భాగం 0.08 ఘనపు మీటర్లు, బోర్డు నాలుగు సెంటీమీటర్ల లోతే మునుగుతుంది. 0.106ను 0.08తో భాగిస్తే 1.33 మీటర్లు. నీరు నెట్టే బిందువు బోర్డు అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, అది కలిపితే మెటాసెంటర్ అడుగు నుంచి 1.35 మీటర్ల ఎత్తున ఉన్నట్లు. నిలబడ్డ మనిషి గరిమనాభి పాదాల నుంచి అతని ఎత్తులో సుమారు 55 శాతం దగ్గర, అంటే బొడ్డు ప్రాంతంలో ఉంటుంది. బోర్డు మందాన్నీ బరువునూ కలిపి చూస్తే ఉమ్మడి గరిమనాభి 0.96 మీటర్ల దగ్గర తేలుతుంది. మెటాసెంటర్ దానికి 39 సెంటీమీటర్ల పైన ఉంది కాబట్టి ఈ మనిషి కొయ్యలా నిలబడ్డా బోర్డు అతన్ని కొంతవరకు నిలబెడుతుంది.

ఇప్పుడు 175 సెంటీమీటర్లు, 95 కిలోల మేనమామ. మొత్తం 105 కిలోలు. 0.106ను 0.105తో భాగిస్తే 1.01 మీటర్లే వస్తుంది, అడుగు నుంచి చూసుకుంటే 1.03కు కాస్త పైన. ఆయన, బోర్డు కలిసిన గరిమనాభి కూడా 1.01 మీటర్ల దగ్గరే. మిగిలిన తేడా రెండు సెంటీమీటర్లు, అంటే ఉన్నా లేనట్లే. అదే బోర్డు మీద 140 సెంటీమీటర్లు, 35 కిలోల మేనకోడలికి లెక్క వేస్తే తేడా 1.6 మీటర్లు దాటుతుంది. ఆమె కింద బోర్డు గచ్చులాంటిది, ఆయన కింద అదే బోర్డు గుండ్రటి మొద్దు. కట్ట మీద భయం గురించి మాట్లాడిన వాళ్లకు ఈ అంకె కనిపించి ఉంటే ఆయనను అలా అనేవారు కాదు. ఆ మాట ఆయనకు చివుక్కుమనిపించింది, నేను ఇంత వివరంగా లెక్క వేయడానికి అది కూడా ఒక కారణం.

సూత్రంలో వెడల్పు ఘనంగా రావడం గమనించవలసిన సంగతి. పందేల్లో వాడే బోర్డులు 66 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకన్నా సన్నగా ఉంటాయి. 81ని 66తో భాగించి ఘనం చేస్తే సుమారు 1.85. అంటే జానెడు కూడా లేని 15 సెంటీమీటర్ల తేడా మెటాసెంటర్ ఎత్తును దాదాపు రెట్టింపు చేస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం బోర్డుల యజమాని ఇంకో బోర్డు తెచ్చాడు, వెడల్పు 86 సెంటీమీటర్లు, పొడవు కూడా కాస్త ఎక్కువ. నా లెక్క ప్రకారం మేనమామకు రెండు సెంటీమీటర్లుగా ఉన్న తేడా పాతిక సెంటీమీటర్ల దాకా పెరిగి ఉండాలి. ఆయన దాని మీద మొదటిసారే నిలబడ్డాడు, చాలాసేపు తరువాత గాని పడలేదు.

మోకాళ్ల మీద ఉన్నప్పుడు సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. 70 కిలోల మనిషి మోకాళ్ల మీద నిటారుగా ఉంటే ఉమ్మడి గరిమనాభి దాదాపు 35 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, తేడా 39 నుంచి 73 సెంటీమీటర్లకు చేరుతుంది.

ఈ లెక్క ఎక్కడి దాకా నమ్మవచ్చు

ఈ సూత్రం చిన్న ఒరుగుళ్లకే సరిగ్గా వర్తిస్తుంది. పైన చెప్పిన బోర్డు నాలుగు సెంటీమీటర్లే మునిగి ఉంది కనుక, ఆరు డిగ్రీల లోపు ఒరిగేసరికే ఎదుటి పక్క అంచు నీటి నుంచి పైకి లేచిపోతుంది. అక్కడి నుంచి నీటిని తాకే వెడల్పు తగ్గుతూ వస్తుంది, లేపే బలం మనం వేసిన అంకెంత వేగంగా పెరగదు. ఇరవై డిగ్రీల దగ్గర ఒరిగిన పక్క పై అంచు నీటిలోకి దిగుతుంది, అప్పుడు బోర్డు మీదికి నీరెక్కుతుంది, ఆ తరువాత తిరిగి లేవడం కష్టం.

అందుకే ఈ ఆట తెలిసినవారు మొదటి నిలకడ, రెండో నిలకడ అని రెండు మాటలు వాడతారు. ఎక్కగానే కాలికి తెలిసే గట్టిదనం మొదటిది. బాగా ఒరిగాక కూడా పడేయకుండా పట్టుకునే గుణం రెండోది. చదునైన వెడల్పాటి గాలి బోర్డుకు మొదటిది ఎక్కువ. అడుగు కొంచెం గుండ్రంగా, పక్కలు నిండుగా ఉండే గట్టి బోర్డులు కొన్ని మొదట వణికినట్లు అనిపించినా, ఒరిగే కొద్దీ మరింత నీటిని నెట్టి మనిషిని ఆపుతాయి. అంగడిలో ఒక్క నిమిషం ఎక్కి చూసి బోర్డు నిలకడను తేల్చేవారు మొదటి నిలకడను మాత్రమే కొలుస్తున్నారన్నమాట.

ఇంతకన్నా పెద్ద పరిమితి ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఈ విషయమంతటికీ కీలకం అదే. పై లెక్క మనిషిని బోర్డుకు మేకు కొట్టి నిలబెట్టిన గుంజగా తీసుకుంది. బోర్డు పది డిగ్రీలు ఒరిగితే గుంజ కూడా పది డిగ్రీలు ఒరుగుతుంది, దాని బరువు పక్కకు జరుగుతుంది, ఒరుగుడు పెరుగుతుంది. అయితే మనిషికి మడమల కీళ్లు, మోకాళ్లు, తుంటి ఉన్నాయి. కాళ్ల కింద బోర్డు ఒరిగినా అవి వంగి పైశరీరాన్ని నిటారుగా ఉంచగలిగితే, బోర్డుకు తెలిసే బరువు బొడ్డు ఎత్తులో ఉన్నది కాదు, పాదాలు ఆనిన చోట ఉన్నది. అంటే గరిమనాభి మీటరు ఎత్తు నుంచి ఒక్కసారిగా బోర్డు పై పలక మీదికి, పదిహేను సెంటీమీటర్ల ఎత్తుకు దిగినట్లు. అప్పుడు మేనమామకు కూడా తేడా 85 సెంటీమీటర్లు దాటుతుంది. పడిపోతామన్న భయంతో కొత్తవారు కాళ్లు బిగపడతారు, బిగపట్టగానే తమను తాము ఆ గుంజగా మార్చుకుంటారు. సూత్రం వాళ్ల విషయంలో తుచ తప్పకుండా నిజమవుతుంది.

ఆ పొద్దున చెరువులో కొంచెం దూరంగా థర్మాకోల్ తెప్ప మీద కాళ్లు మడిచి కూర్చుని వల తీస్తున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వల బరువు ఎడమ పక్కకు లాగినప్పుడల్లా ఆయన నడుము పైభాగం కుడికి జరుగుతోంది, తెప్ప మాత్రం కదలడం లేదు, ఆయన చూపు వల మీద నుంచి మరలడం లేదు. మూడోసారి పడి లేచిన మేనమామతో ఆయన అన్న మాట: “గంత బిగవట్టకు తమ్మీ. తెప్పను ఊగనియ్యి, నువ్వు ఊగకు.” బోర్డు నిలకడనూ మనిషి నిలకడనూ విడదీయడమంటే అదే.

శరీరం చేసే పని, దానికి పట్టే సమయం

కాళ్లు వదులు చేస్తే బోర్డు సమస్య తగ్గుతుంది గాని, దానికి బదులు ఇంకో పని మీద పడుతుంది. నిటారు మనిషి తలకిందులైన లోలకం, ఎప్పుడూ ఏదో పక్కకు వాలుతూనే ఉంటాడు. గట్టి నేల మీద కూడా మనం కదలకుండా నిలబడటం లేదు, కంటికి ఆనని కొద్దిపాటి ఊగులాటను కండరాలు క్షణక్షణం సరిచేస్తున్నాయి.

ఆ సరిచేతకు కబురు మూడు దారుల్లో వస్తుంది. చూపు ఒకటి. చెవి లోపలి అర్ధవర్తుల కుల్యలు మూడు తల తిరుగుళ్లను, వాటి పక్కనే ఉండే రెండు చిన్న సంచులు వాలునూ ముందువెనుకల కదలికనూ చెబుతాయి. మూడోది పాదాల చర్మం, మడమలు, కండరాల నుంచి వచ్చే స్పర్శజ్ఞానం. నేల మీద పాదాల కబురును నమ్మితే చాలు, ఎందుకంటే నేల కదలదు. బోర్డు మీద పాదం వాలిందంటే మనిషి వాలాడని అర్థం కాదు, బోర్డు మాత్రమే వాలి ఉండవచ్చు. మెదడు జన్మంతా నమ్మిన కబురును మొదటి గంటలో అనుమానించడం నేర్చుకోవాలి. కాళ్లలో బలం ఎంత ఉన్నా ఈ పనికి అక్కరకు రాదు, కబడ్డీ ఆటగాడు కూడా ఇక్కడ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే.

కొత్తవారి కాళ్లు గజగజ వణకడానికి కూడా కారణం ఇక్కడే ఉంది. మడమ నుంచి కబురు వెళ్లి కండరం నుంచి జవాబు వచ్చేసరికి సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా పడుతుంది. నిటారు మనిషి వాలుడు వేగం పుంజుకోవడానికి సెకనులో మూడో వంతు చాలు కాబట్టి మిగిలే వ్యవధి తక్కువ. కొత్తవారు ఆలస్యంగా, అవసరానికి మించి సరిచేస్తారు, అది బోర్డును రెండో పక్కకు ఒంచుతుంది, దాన్ని మళ్లీ ఎక్కువగా సరిచేస్తారు. ఆ పైన బిగించిన కండరాలు త్వరగా అలసిపోతాయి. చూసేవారికి అది భయంతో వచ్చిన వణుకులా కనిపిస్తుంది, చాలాసార్లు అది కబురుకూ జవాబుకూ మధ్య ఉన్న ఆలస్యం.

చిన్న ఊపులను మడమలతో, పెద్ద ఊపులను తుంటి నుంచి వంగి సరిచేయడం మనుషులందరికీ సహజం. నిటారుగా ఉండమనే సలహా, వంగమనే సలహా దీనివల్లే ఒకదానికొకటి విరుద్ధంగా అనిపిస్తాయి. నీరు నిమ్మళంగా ఉన్నప్పుడు వెన్ను నిటారుగా, మోకాళ్లు వదులుగా ఉంటే మడమలకు పని తేలికవుతుంది. పడవ పోయిన అల వచ్చినప్పుడు మోకాళ్లూ తుంటీ రెండూ వంగక తప్పదు. ఎప్పుడూ వంగే ఉండేవారికి ఇంకా వంగడానికి జాగా మిగలదు.

కదిలే బోర్డు మీద నిలకడ ఎందుకు పెరుగుతుంది

కదలకుండా ఉన్న బోర్డు కన్నా సాగుతున్న బోర్డు మీద నిలబడటం తేలిక అన్నది నేర్పేవారందరూ ఒప్పుకునే అనుభవం. కారణం దగ్గరికి వచ్చేసరికి అభిప్రాయాలు చీలతాయి. సైకిల్ లాంటిదే అని చాలామంది అంటారు. ఈ పోలిక తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. సైకిల్ మీద మనం వాలుతున్న పక్కకు హ్యాండిల్ తిప్పి చక్రాలను బరువు కిందికి తెచ్చుకుంటాం. బోర్డును అలా క్షణంలో పక్కకు తెచ్చుకునే వీలు లేదు.

ఒక వివరణ ప్రకారం తెడ్డు మూడో కాలు. తెడ్డు ఆకు నీటిని పట్టి ఉన్నంతసేపు చేతులకు ఒక ఆసరా ఉంటుంది, పైగా ఆకును పడుకోబెట్టి నీటి మీద నొక్కితే క్షణకాలం పడిపోకుండా ఆపుతుంది. తెడ్డును ఒక పక్క నుంచి రెండో పక్కకు మార్చే క్షణంలోనే కొత్తవారు ఎక్కువగా తూలడం ఈ వివరణకు బలమిస్తుంది. రెండో వివరణ ఫిన్ గురించి చెబుతుంది: వేగం పెరిగే కొద్దీ ఫిన్ పక్క నుంచి పారే నీరు అటూ ఇటూ ఊగడాన్ని ఎక్కువగా అడ్డుకుంటుంది. ఇది నిజమే గాని, కొత్తవారు పోయే నడక వేగంలో దాని పాలు పెద్దగా ఉండదనిపిస్తుంది. మూడోది ధ్యాసకు సంబంధించింది. మనుషులు కదలికలను ఎలా నేర్చుకుంటారో పరిశోధించే గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, మంచు మీద జారే ఆటను పోలిన యంత్రంపై సాధన చేసేవారిలో కొందరిని తమ పాదాల మీద, కొందరిని పాదాల కింది చక్రాల మీద ధ్యాస ఉంచమన్నారు. చక్రాల మీద ధ్యాస ఉంచినవారు బాగా నేర్చుకున్నారు. తెడ్డు వేయడం మొదలుపెట్టగానే కొత్తవారి ధ్యాస కూడా తమ కాళ్ల నుంచి నీటి మీదికీ, పోవలసిన దిక్కుకూ మళ్లుతుంది. నాకు మొదటిదీ మూడోదీ కలిసి పనిచేస్తాయనిపిస్తుంది.

దూరంగా చూడమనే మాట కూడా దీనికి దగ్గరిదే. కాళ్ల వైపు చూస్తే దాదాపు అయిదు కిలోల తల ముందుకు వాలుతుంది, కంటికి కనిపించే నీరు, బోర్డు రెండూ కదులుతుంటాయి కాబట్టి చూపు ఇచ్చే కబురుకు స్థిరమైన ఆధారం ఉండదు. అవతలి ఒడ్డు తాటిచెట్టు కదలదు.

తేలని కొన్ని వాదాలు

మోకాళ్ల మీద ఎంతసేపు ఉండాలన్నది మొదటిది. అలవాటు చేసుకోవడానికి అది మంచిదనేవారికి పైన వేసిన లెక్కే సాక్ష్యం. ఎక్కువసేపు అలా ఉంటే మోకాళ్లు తిమ్మిరెక్కి, లేచే క్షణంలో పాదాల కబురు మందగిస్తుందనేది ఎదుటివారి మాట. పైగా మోకాళ్ల మీద నేర్చుకున్న నిలకడలో మడమలకు పనే ఉండదు. రెండు వైపులా చెప్పేది ఒక చోట కలుస్తుంది: మోకాళ్ల మీద తెడ్డు వేయడం, తిప్పడం వస్తుంది గాని నిలబడటం నిలబడితేనే వస్తుంది.

వెడల్పాటి బోర్డుతో నేర్చుకుంటే చెడు అలవాట్లు పడతాయన్నది రెండోది. చాలా వెడల్పు ఉంటే తెడ్డు అందక పక్కకు వంగవలసి వస్తుందన్నంత వరకు ఇది నిజం, ముఖ్యంగా పొట్టివారికి. బరువైన మనిషికి మాత్రం సన్నని బోర్డు ఇచ్చి సాధన చేయమనడం అన్యాయం. గాలి తక్కువ కొట్టిన బోర్డు మీద చెప్పిన ఏ తీర్పునూ నేను లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే అది మనిషి కాళ్ల కింద మధ్యలో కుంగి, ముందూ వెనుకా లేచి, నీటిని తాకే పొడవునే కోల్పోతుంది.

ఇంట్లో గుండ్రటి దిమ్మె మీద పలక పెట్టి సాధన చేస్తే నీటి మీద పనికొస్తుందా అన్నది ఇంకొకటి. ఒక రకం నిలకడలో సంపాదించిన నేర్పు వేరే రకానికి చాలా తక్కువగా బదిలీ అవుతుందన్నదే ఇప్పటివరకు జరిగిన పరిశోధనల మొగ్గు. కాళ్ల ఓర్పు పెరగవచ్చు, నీటి కబురు నీటి మీదే అలవాటవుతుంది.

మన చెరువుల నీటిలో ప్రత్యేకతలు

కాకతీయుల కాలం నాటి లక్నవరం, పాఖాల, రామప్ప వంటి చెరువులు కొండల నడుమ ఉండటం వల్ల పొద్దుటి పూట నీరు అద్దంలా ఉంటుంది. పొద్దెక్కి గాలి లేచాక నిలబడ్డ మనిషే తెరచాప అవుతాడు. గాలి నీటి మీద ఎంత దూరం పారితే అల అంత పెరుగుతుంది కనుక, గాలి వచ్చే వైపు ఒడ్డు కన్నా ఎదుటి ఒడ్డు దగ్గర నీరు ఎక్కువగా కదులుతుంది.

కొత్తవారు ధైర్యం కోసం కట్ట పక్కనే ఉండాలనుకుంటారు. కట్టకు పరిచిన రాయికి తగిలిన అల వెనక్కు మళ్లి ఎదురు వచ్చే అలతో కలుస్తుంది, దాంతో అక్కడి నీరు ఏ దిక్కూ లేకుండా ఎగిసిపడుతుంది. లోతు నెమ్మదిగా పెరిగే శిఖం వైపు, అంటే నీరు తగ్గితే బయటపడే చెరువు నేల వైపు ఒడ్డున అల ఆగిపోతుంది, అక్కడి నీరే ఎక్కువ నిమ్మళం. అయితే ఆ వైపున నాచు, గుర్రపుడెక్క ఉంటాయి. ఫిన్‌కు నాచు చుట్టుకుంటే బోర్డు ఉన్నట్టుండి ఆగుతుంది, మనిషి ఆగడు, ముందుకు పడతాడు. తూలడం అనుకునేవాటిలో కొన్ని నిజానికి ఇవే. పొట్టి ఫిన్ బిగిస్తే నాచు తక్కువ పడుతుంది, దానికి బదులు బోర్డు తిన్నగా పోవడం కొంత తగ్గుతుంది.

లీష్ గురించి కూడా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి, రెండూ వేర్వేరు నీళ్ల గురించి చెప్పినవి. నిలకడ నీటిలో కాలికి కట్టిన తాడు పడినవారికి బోర్డును దగ్గర ఉంచుతుంది, గాలికి బోర్డు కొట్టుకుపోతే ఈది అందుకోవడం ఎంత కష్టమో తెలిసినవారు దాన్ని వదలరు. పారే నీటిలో, ముఖ్యంగా చెరువు నిండి మత్తడి దూకే రోజుల్లో, ఆ తాడే కొమ్మకో రాయికో చిక్కుకుంటే ప్రవాహం మనిషిని ముంచుతుంది, మునిగినవారికి వంగి కాలి తాడు విప్పుకోవడం సాధ్యం కాదు. అందుకే పారే నీటిలో చేత్తో ఒక్కసారి లాగితే ఊడిపోయే నడుము పట్టీనే వాడతారు. తూము తెరిచి ఉన్న రోజున దాని దగ్గర నీరు పైకి నిమ్మళంగా కనిపిస్తూనే లోపల లాగుతుంటుంది. ఆ రోజు తెప్ప పెద్దాయన తూము వైపు చేయి చూపించి మేనమామకు చెప్పిన రెండో మాట దాని గురించే: అటు పోవద్దు, పడితే బోర్డును వదలొద్దు.